నలభై కిలోమీటర్ల దారి.. నాలుగు నిమిషాల గడువు

2017 మార్చి 12, ఆదివారం. నంద్యాల ఎమ్మెల్యే భూమా నాగిరెడ్డి ఆళ్లగడ్డలో సొంతింట్లో ఉన్నారు. పొద్దున గుండెపోటు వచ్చి కుప్పకూలారు. ముందు ఆళ్లగడ్డలోనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కణ్నుంచి హుటాహుటిన నంద్యాలకు తరలించారు. నంద్యాలలో ప్రాణం పోయింది. ఆయనకు అప్పటికి 53 ఏళ్లు. గుండెకు అంతకుముందే చికిత్స చేయించుకున్న మనిషి.

దానికి మూడేళ్ల ముందు, 2014 ఏప్రిల్‌లో, ఎన్నికల ప్రచారం ముగించుకుని వస్తూ ఆయన భార్య శోభా నాగిరెడ్డి ఆళ్లగడ్డ దగ్గర కారు ప్రమాదానికి గురయ్యారు. ఆమెనూ ఇదే దారిన నంద్యాలకు, అక్కణ్నుంచి హైదరాబాద్‌కు తీసుకెళ్లారు. ఆమె కూడా దక్కలేదు. కార్లకు, మనుషులకు, ఫోన్లకు కొదవలేని ఇల్లు అది. ఒక్క కబురుకు ఊరంతా కదిలొచ్చే ఇల్లు. అలాంటి ఇంటికే ఆ దారి అంత పొడవైతే చాగలమర్రిలోనో రుద్రవరంలోనో ఉయ్యాలవాడలోనో రాత్రిపూట ఛాతీ పట్టుకుని కూలబడే మనిషి సంగతేమిటి?

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు నలభై కిలోమీటర్లు. శిరివెళ్ల మెట్ట దాటి, లారీల మధ్య దారి చేసుకుంటూ వెళ్లేసరికి ముప్పావు గంట. నంద్యాల నుంచి కర్నూలు ఇంకో డెబ్బై. హైదరాబాద్ అంటే మొత్తం మూడొందల కిలోమీటర్లు దాటుతుంది. ఎవరికైనా గుండె బాగాలేదంటే మన దగ్గర మొట్టమొదట వినపడే మాట ‘‘బండి తీయండి’’. రెండో మాట ‘‘నేరుగా కర్నూలుకు పోదాం పా’’. నడిచే గుండెకు ఆ ప్రయాణం పనికొస్తుంది. లయ తప్పి ఆగిపోయిన గుండెకు పనికిరాదు. దానికి వైద్యం మనిషి పడిపోయిన చోటే, పడిపోయిన కొన్ని నిమిషాల్లోనే జరగాలి. ఈ కథనం చెప్పదలచుకున్నది అదొక్కటే.

గుండెలో కరెంటు

గుండెకు నెత్తురు తెచ్చే నాళాలు వేరు, గుండెను కొట్టించే కరెంటు వేరు. గుండె కుడివైపు పైగదిలో సైనస్ నోడ్ అనే చిన్న కణుపు ఉంటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు అది నిమిషానికి 60 నుంచి 100 సార్లు ఒక విద్యుత్ సంకేతం పుట్టిస్తుంది. ఆ సంకేతం పైగదుల్లో పాకి, మధ్యలో ఒక్క క్షణం ఆగి, కింది గదుల్లోకి దిగి కండరాన్నంతటినీ ఒక్కసారిగా బిగిస్తుంది. అదే మన నాడి. రోజుకు లక్షసార్లు.

గుండెపోటులో చెడేది మొదట నాళం. గడ్డ అడ్డుపడి కండరానికి నెత్తురు అందదు. మనిషికి స్పృహ ఉంటుంది, చెమటలు పోస్తాయి, ఎడమ చెయ్యి గుంజుతుంది, దవడ లాగుతుంది, ‘‘గ్యాస్ పట్టినట్టుంది, సోడా తెప్పించు’’ అంటాడు. అసలు గండం ఆ తర్వాత ఉంటుంది. నెత్తురు అందని కండరం చిర్రెత్తి, తనంతట తానే సంకేతాలు పుట్టించడం మొదలుపెడుతుంది. కింది గదులు నిమిషానికి 150, 200 సార్లు ఉరుకుతాయి. దాన్ని వెంట్రిక్యులర్ టాకీకార్డియా అంటారు. అది ముదిరితే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. అప్పుడు గుండె కొట్టుకోదు, ఊరికే వణుకుతుంది.

తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. కాడికి కట్టిన ఎద్దులు ఒకే అదిలింపుకు ఒకే దిక్కు లాగితేనే బండ కదులుతుంది. తలో దిక్కుకూ గుంజితే బలమంతా ఖర్చవుతుంది, బండ అంగుళం జరగదు. ఫిబ్రిలేషన్‌లో గుండె కండరం పోగులన్నీ పనిచేస్తూనే ఉంటాయి, కానీ ఒక్క చుక్క నెత్తురు బయటికి పోదు. పది పదిహేను సెకన్లలో మనిషి స్పృహ తప్పుతాడు. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఛాతీ నొక్కకుండా, షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తరిగిపోతుందని అత్యవసర వైద్య శాస్త్రం ఏళ్లుగా చెబుతోంది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పట్టే ముప్పావు గంటను ఈ లెక్కలో పెట్టి చూడండి.

క్యాజువాలిటీలో ఏం చేస్తారు

లయ తప్పిన ప్రతి గుండెకూ మందు ఒకటే కాదు. డాక్టర్ ముందు చూసేది రెండు: నాడి అందుతోందా, ఈసీజీ గీత ఎలా ఉంది.

కాస్త తేలికైన రకం చూద్దాం. పాతికేళ్ల అమ్మాయి కూర్చున్నచోటే గుండె దడదడలాడుతోందని వస్తుంది. ఈసీజీలో సన్నటి గీతలు నిమిషానికి 180 దాకా వరసగా పరుగెడుతుంటాయి. పైగదుల దగ్గర కరెంటు ఒక చుట్టులో ఇరుక్కుని తిరుగుతుంటుంది. దీనికి పైసా ఖర్చులేని చికిత్స ఒకటుంది. పది మిల్లీలీటర్ల సిరంజి చేతికిచ్చి, దాని లోపలి కడ్డీ కదిలేలా పదిహేను సెకన్లపాటు గట్టిగా ఊదమంటారు. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్లూ పైకి ఎత్తి పట్టుకుంటారు. బ్రిటన్‌లో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో ఈ పద్ధతితో 43 శాతం మందికి లయ కుదిరింది. కూర్చోబెట్టి ఊదించే పాత పద్ధతిలో కుదిరింది 17 శాతానికే. మండల కేంద్రంలోని ఆసుపత్రిలోనూ, డాక్టర్ కళ్లముందు, చేయగలిగిన పని ఇది.

దానికీ తగ్గకపోతే అడినోసిన్ ఇంజక్షన్. ఈ మందు ఒంట్లో కొన్ని సెకన్లకు మించి నిలవదు. అందుకే మోచేతి దగ్గరి పెద్ద నరంలోకి ఆరు మిల్లీగ్రాములు ఒక్క విసురులో ఎక్కించి, ఆ వెంటనే సెలైన్ తోసి, చెయ్యి పైకెత్తుతారు. తెరమీద గీత రెండు మూడు సెకన్లు చదునైపోతుంది. రోగికి ప్రాణం జారిపోతున్నట్టు ఉంటుంది. అందుకే అనుభవమున్న నర్సమ్మ ‘‘ఒక్క క్షణం కష్టంగా ఉంటాదమ్మా, భయపడొద్దు’’ అని ముందే చెబుతుంది. ఆ తర్వాత ఒక గీత లేస్తుంది, దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే 180 నుంచి 90కి దిగుతుంది. అమ్మాయి లేచి కూర్చుని మంచినీళ్లు అడుగుతుంది.

కింది గదులు ఉరుకుతున్నప్పుడు ఇంత తీరిక ఉండదు. బీపీ నిలిచి ఉంటే అమియోడరోన్ లాంటి మందులు నెమ్మదిగా ఎక్కిస్తారు. బీపీ పడిపోతుంటే మత్తిచ్చి, గుండె సంకేతంతో జత కలిపి షాక్ ఇస్తారు. నాడి అసలే లేకపోతే, తెరమీద గీత పిచ్చిగీతలైతే, మరో ఆలోచన లేదు: ఛాతీ నొక్కుతూ షాక్ ఇవ్వాలి, మళ్లీ రెండు నిమిషాలు నొక్కాలి, మళ్లీ గీత చూడాలి, అవసరమైతే మళ్లీ షాక్. మధ్యలో అడ్రినలిన్ మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి ఒక మిల్లీగ్రాము. షాక్‌లకు లొంగకపోతే అమియోడరోన్ 300 మిల్లీగ్రాములు.

సినిమాల్లో గీత చదునుగా పోతుంటే షాక్ పెడతారు, హీరో లేచి కూర్చుంటాడు. అది తప్పు. షాక్ పనిచేసేది వణికే గుండె మీద. ఆ దెబ్బకు కండరమంతా ఒక్కసారి నిశ్చలమైతే, సైనస్ నోడ్ మళ్లీ పెత్తనం తీసుకుంటుంది. కరెంటే లేని గుండెకు షాక్ ఏం చేయదు. దానికి ఛాతీ నొక్కడం, అడ్రినలిన్, అసలు కారణం వెతికి సరిచేయడమే దిక్కు.

గుండె మరీ నెమ్మదించడమూ గండమే. పైగదుల నుంచి కింది గదులకు దారి పూర్తిగా తెగిపోతే నాడి 30కి పడుతుంది. పెద్దవాళ్లు ఉన్నట్టుండి కండ్లు తిరిగి పడిపోతుంటే దీన్ని అనుమానించాలి. అట్రోపిన్ ఇచ్చి చూస్తారు, లేదంటే ఛాతీ మీద ప్యాడ్లు అంటించి బయటి నుంచి కరెంటుతో కొట్టిస్తారు, మెడలోని సిర గుండా తాత్కాలిక పేస్‌మేకర్ తీగ దింపుతారు. గన్నేరుపప్పు విషంలో జరిగేది కూడా గుండె లయ దెబ్బతినడమే. వచ్చినప్పుడు బాగానే మాట్లాడుతున్నారని ఇంటికి తీసుకుపోతే గంటల తర్వాత గుండె ఆగవచ్చు. ఉప్పునీళ్లు తాగించి కాలం వృథా చేయకుండా గుండెను ఎప్పటికప్పుడు చూపించే మానిటర్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ప్రాణం తీసుకోవాలనేంతగా మనసు విరిగిపోయినవాళ్లకు సాయమందించే టెలీ మానస్ 14416 నంబరు రాత్రీ పగలూ పలుకుతుంది.

లైన్‌మెన్ చావుల నుంచి పుట్టిన యంత్రం

షాక్ ఇచ్చే ఈ పెట్టె (డిఫిబ్రిలేటర్) కథ మన పొలాల్లోని కథకు చాలా దగ్గర. అమెరికాలో ఊరూరా కరెంటు స్తంభాలు లేస్తున్న కాలంలో లైన్‌మెన్ తీగలు తగిలి చనిపోతుంటే, కరెంటు కంపెనీలు పరిశోధనకు డబ్బిచ్చాయి. జాన్స్ హాప్కిన్స్‌లో విలియం కౌవెన్‌హోవెన్ ఆ పని చేపట్టారు. ఆయన డాక్టర్ కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీరు. గుండెను ఆపిన కరెంటే దాన్ని మళ్లీ నడిపించగలదని తేలింది. 1947లో క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ అనే సర్జన్ ఆపరేషన్ బల్ల మీద ఆగిన పద్నాలుగేళ్ల పిల్లాడి గుండెకు షాక్ ఇచ్చి బతికించారు. 1956లో పాల్ జోల్ ఛాతీ తెరవకుండా బయటినుంచే ఆ పని చేసి చూపారు.

కౌవెన్‌హోవెన్ బృందంలోని గై నికర్‌బాకర్ ఇంకో సంగతి గమనించారు. షాక్ ఇచ్చే బరువైన ప్యాడిళ్లను ఛాతీకి గట్టిగా అదిమినప్పుడు, కరెంటు ఇవ్వకముందే రక్తపోటు కొంచెం లేస్తోంది. అంటే ఛాతీని పైనుంచి నొక్కినా నెత్తురు కదులుతుందన్నమాట. 1960లో వాళ్లు ప్రచురించిన ఆ పద్ధతే ఇవాళ్టి సీపీఆర్. అందుకు కావలసినవి రెండు చేతులు, అంతే.

ఈ కథలో నాకు చాలా ఇష్టమైన పేరు బెల్‌ఫాస్ట్ నగరంలోని గుండె డాక్టర్ ఫ్రాంక్ ప్యాంట్రిడ్జ్‌ది. గుండెపోటుతో పోయేవాళ్లలో ఎక్కువమంది ఆసుపత్రికి రాకముందే పోతున్నారని ఆయన గుర్తించారు. ‘రోగి రావడం లేదు, కాబట్టి యంత్రమే పోవాలి’ అనుకున్నారు. 1965లో కారు బ్యాటరీలతో నడిచే, డెబ్బై కిలోల బరువున్న డిఫిబ్రిలేటర్‌ను అంబులెన్స్‌లోకి ఎక్కించారు. కొన్నేళ్లకే అది మూడు కిలోలకు దిగింది. ఇవాళ ఏఈడీ అని పిలిచే పెట్టె చేతి సంచంత ఉంటుంది. ప్యాడ్లు అంటిస్తే గుండె గీతను అదే చదువుతుంది, షాక్ అవసరమైతేనే ఇవ్వమంటుంది. చదువురానివాళ్లు కూడా మాట విని నడిపించగలరు. అమెరికాలో జూదశాలల కాపలాదారులకు ఈ పెట్టెలు ఇచ్చి చూశారు. కూలిన మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లలో 74 శాతం మంది బతికారు. మూడు నిమిషాలు దాటితే 49 శాతం. ఆ కాపలాదారులు డాక్టర్లు కారు. వాళ్లు పక్కనే ఉన్నారు, పెట్టె చేతిలో ఉంది.

మన వైపు కేసీ కాలువ కింద, బోర్ల కింద పైరు పెట్టే రైతు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి పడిపోతే జరిగేది కూడా చాలాసార్లు ఇదే ఫిబ్రిలేషన్. అలా పడిపోయే రైతు గుండె చాలాసార్లు ఏ జబ్బూ లేని గట్టి గుండె. గుండెపోటు మనిషి కంటే అతన్ని బతికించడానికి అవకాశం ఎక్కువ. ముందు కరెంటు ఆపాలి, ఫ్యూజు పీకాలి. ఒట్టి చేతుల్తో ముట్టుకుంటే ఇద్దరు పోతారు. కరెంటు పోయిందని తేలగానే గట్టునే పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ట్రాక్టర్ కోసం ఊళ్లోకి పరుగెత్తే పని రెండో మనిషిది.

ఇంటి ముంగిట్లో జరిగేది

గుండె ఆగిన మొదటి క్షణాల్లో చేతులూ కాళ్లూ కొట్టుకోవచ్చు. ఫిట్స్ అనుకుని మనవాళ్లు తాళంచెవుల గుత్తి అరచేతిలో పెడతారు. తర్వాత ఎగశ్వాస మొదలవుతుంది, నోరు తెరిచి ఆగాగి ఒక్కో గుక్క లాగుతాడు. ఊపిరి ఉంది కదా అని కొందరు ఊరుకుంటారు, ఆఖరి ఘడియ వచ్చిందని కొందరు తులసి తీర్థం పోస్తారు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎగశ్వాస ఊపిరి కాదు. పిలిస్తే పలక్కుండా, సరిగ్గా ఊపిరి తీయకుండా ఉన్నాడంటే గుండె ఆగిందనే అనుకోవాలి. నాడి కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ఒకరు 108కి ఫోన్ చేయాలి, స్పీకర్ ఆన్ చేసి కింద పెట్టాలి. ఇంకొకరు మంచం మీద నుంచి మనిషిని దించి గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. నులకమంచం మీద నొక్కితే మంచం కుంగుతుంది తప్ప ఛాతీ కుంగదు. రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువుతో నొక్కాలి. లోతు రెండు అంగుళాలు, కాస్త ఎక్కువైనా సరే. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాల్లో చేతులు పీకుతాయి, అప్పుడు పక్కవాళ్లు అందుకోవాలి. పక్కటెముక విరిగిన శబ్దం రావచ్చు. ఆపొద్దు. ఎముక అతుక్కుంటుంది. పెద్దవాళ్ల విషయంలో నోటితో ఊపిరి ఊదే పని లేకుండా ఛాతీ నొక్కితే చాలని మన దేశంలో మామూలు జనానికి నేర్పుతున్నారు. కాలువలో మునిగినవాళ్లకు, చిన్నపిల్లలకు మాత్రం ఊపిరి కూడా ఊదాలి.

వాట్సాప్‌లో తిరిగే ‘గుండెపోటు వస్తే గట్టిగా దగ్గండి’ అన్న సందేశాన్ని నమ్మొద్దు. గుండె ఆగినవాడు దగ్గలేడు. దగ్గగలిగినవాడు ఆ సమయాన్ని 108కి ఫోన్ చేయడానికి వాడుకోవాలి.

గుండె తిరిగి కొట్టుకున్నంత మాత్రాన అంతా అయిపోదు. 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో సినీనటుడు నందమూరి తారకరత్న కుప్పకూలారు. అక్కడి వైద్యులు చాలాసేపు శ్రమించి గుండెను తిరిగి నడిపించారు, బెంగళూరుకు తరలించారు. మూడు వారాలు పోరాడి ఆయన ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఇలాంటి వేళ గుండె ఆగి ఉన్న ప్రతి నిమిషానికీ మెదడు మూల్యం చెల్లిస్తుంది.

ముందు వైద్యం, తర్వాత ప్రయాణం

మన దగ్గర ఏమీ లేదనడం అన్యాయం. 2005 ఆగస్టు 15న ఈ తెలుగు నేల మీదే మొదలైన 108 తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకింది. 2020 జులైలో రాష్ట్రంలో రోడ్డెక్కిన కొత్త 108 వాహనాల్లో 104 అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్‌వి. ఏ కారుకీ లేని గుండె పరికరాలు, శిక్షణ పొందిన చేతులు వాటిలో ఉంటాయి. ‘‘అంబులెన్స్ ఎప్పుడొస్తాదో, మన కారులోనే పోదాం’’ అనేముందు ఒక్క క్షణం ఆగాలి. వెనక సీటులో ముడుచుకుని కూర్చోబెట్టిన మనిషి గుండె దారిలో ఆగితే ఛాతీ నొక్కడానికి చోటే ఉండదు.

2023లో రాష్ట్రం మొదలుపెట్టిన స్టెమీ కార్యక్రమం సరైన దిక్కులో పడిన అడుగు. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి పంపితే, పెద్దాసుపత్రిలోని గుండె డాక్టర్ అక్కడి నుంచే చూసి చెబుతారు. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజక్షన్, బయట వేలల్లో పలికేది, అక్కడే ఉచితంగా ఇస్తారు. నాళం త్వరగా తెరుచుకుంటే లయ తప్పే గండమూ తగ్గుతుంది. అదే ఏడాది నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. రేపటి డాక్టర్లు అక్కడ చదువుతున్నారు. వాళ్ల చేత జిల్లాలోని ప్రతి హైస్కూల్లో, ప్రతి పోలీసు స్టేషన్లో సీపీఆర్ నేర్పిస్తే అదే మంచి ప్రాక్టికల్స్.

చిన్న ఊళ్లలోని ఆసుపత్రులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నంద్యాలకో కర్నూలుకో రెఫర్ చేయక తప్పని కేసులు చాలా ఉంటాయి. కానీ షాక్ ఇచ్చి, లయ నిలబెట్టి, ఆ తర్వాత పంపడం వేరు. ‘మా దగ్గర కాదు, తీసుకుపోండి’ అని గేటు దగ్గరే చెప్పడం వేరు. మొదటిది వైద్యం. రెండోదాన్ని మనం ఇన్నాళ్లూ భరించాం, ఇకమీదట భరించకూడదు. రాత్రి డ్యూటీలో డిఫిబ్రిలేటర్ ఛార్జి అయి ఉందా, వాడటం తెలిసినవాళ్లు ఉన్నారా అని అడిగే హక్కు ఆళ్లగడ్డ పౌరుడికి ఉంది.

ఎగువ అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కే భక్తుల్లో షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఎందరో. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు వేలమంది వస్తారు. మహానందికి కార్తీకంలో, శివరాత్రికి ఇసకేస్తే రాలనంత జనం. ఏఈడీ పెట్టె ఖరీదు ఇవాళ లక్ష రూపాయలకు అటూ ఇటూ. ఊరేగింపు లైట్లకు, ఫ్లెక్సీలకు అంతకంటే ఎక్కువే పెడుతున్నాం. దేవస్థానాల పెద్దలకు, వర్తక సంఘాలకు, ఈ ప్రాంత ప్రజాప్రతినిధులకు విన్నపం ఒకటే. ఎగువ అహోబిలంలో, మహానందిలో, ఆళ్లగడ్డ బస్టాండులో, నంద్యాల మార్కెట్ యార్డులో ఈ పెట్టె ఉంటే ఎక్కడుందో పెద్దక్షరాలతో బోర్డు రాయించండి. లేకుంటే పెట్టించండి, పక్కనుండే దుకాణదారుకు, హమాలీకి, కండక్టరుకు వాడటం నేర్పించండి. చదువుతున్న మీరు ఈ వారంలో ఒక గంట వెచ్చించి, ఇంట్లోవాళ్లందరితో కలిసి సీపీఆర్ నేర్చుకోండి.